చంద్రముఖి బంగళా అదే, మరి సీక్వెల్స్‌లో భయం ఎందుకు లేదు?

సెకండ్‌షో:
ఒకే దర్శకుడు ఒకే బంగళా కథని ఐదుసార్లు తీశాడు. పి.వాసు లెక్క చూడండి. 2004లో కన్నడ ఆప్తమిత్ర, 2005లో తమిళ చంద్రముఖి (మనకి డబ్బింగ్), 2010 మొదట్లో కన్నడ ఆప్తరక్షక, అదే ఏడాది డిసెంబర్లో వెంకటేశ్ నాగవల్లి, 2023 సెప్టెంబర్లో లారెన్స్ చంద్రముఖి 2. వీటన్నిటికీ మూలం 1993లో ఫాజిల్ తీసిన మలయాళం మణిచిత్రతాళు అని ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది.

నా అనుమానం ఒక్కటే. మొదటి సినిమా ఇప్పుడు పెట్టినా రిమోట్ పక్కన పడేసి చూస్తాం. చంద్రముఖి 2కి డబ్బు తక్కువ కాలేదు, సంగీతం కీరవాణి, దర్శకుడు అదే వాసు, వడివేలు కూడా ఉన్నాడు. అయినా ఒక్క చోట కూడా గుండె ఝల్లుమనలేదు. గ్రాఫిక్స్ బాగాలేవు, లారెన్స్ ఓవర్ చేశాడు లాంటివి వద్దు, అవి రిలీజ్ వారంలోనే అయిపోయాయి. కథలోనే ఎక్కడో లోపం ఉంది. అదేంటో చెప్పండి.

గోదారిగట్టు:
నాకైతే జవాబు చాలా సూటిగా కనిపిస్తుంది. చంద్రముఖిలో దెయ్యం లేదు. రెండో భాగాల్లో ఉంది. అంతే తేడా.

మొదటి దాంట్లో ఆ గది, ఆ పటం, ఆ గజ్జెల చప్పుడు అన్నీ చూసి మనం దెయ్యమనే నమ్ముతాం. అసలు సంగతి, గంగ (జ్యోతిక) అనే ఆడపిల్ల బుర్రలో ఇంకో మనిషి, పాతకాలపు రాజనర్తకి చంద్రముఖి, తయారవుతోంది. ఎవరికి? ఎందుకు? అనే రెండు ప్రశ్నల మీద సినిమా మొత్తం నడుస్తుంది. మధ్యలో నయనతార మీదకి అనుమానం మళ్ళిస్తారు, మనమూ పోతాం. నాగవల్లికి వచ్చేసరికి టైటిల్లోనే జవాబు చెప్పేశారు. ఆ ఇంట్లో ఎవరికో ఒకరికి పూనుతుంది అని టికెట్ కొన్నప్పుడే తెలుసు. ఇంక మిగిలింది ఎవరికి అన్నదే. దాంతో రెండున్నర గంటలు లాగలేరు.

వెంకీమామ_ఫ్యాన్:
అక్కా, నాగవల్లిని చంద్రముఖి 2తో ఒకే గాట కట్టేయకండి ప్లీజ్. వెంకటేశ్ గారి రాజు గెటప్, ఆ గుర్రం, ఆ పొగరు నడక, అదంతా థియేటర్లో చూస్తే తెలుస్తుంది. అనుష్క కూడా అరుంధతి తర్వాత దాదాపు రెండేళ్ళకి చేసింది, ఆ కళ్ళు చాలు. ఆ రాజు నూరేళ్ళు దాటినా ఇంకా బతికే ఉన్నాడు అన్న ఐడియా కొత్తది కాదా? దెయ్యం కోసం ఎదురుచూస్తుంటే మనిషి వచ్చాడు.

గోదారిగట్టు:
ఐడియా కొత్తదే తమ్ముడూ, కాదనను. కానీ మందులు రాసే సైకియాట్రిస్ట్ హీరోగా ఉన్న కథలో నూరేళ్ళు దాటిన మనిషి కత్తి తిప్పుతున్నాడంటే, డాక్టర్ గారు ఇంకేం చేస్తారు చెప్పు? ఆయన చదువు అక్కడితో దండగ. మొదటి సినిమాలో రజనీకాంత్ బలం ఫైట్లలో లేదు, అందరూ భయపడుతున్న చోట ఆయనొక్కడే గమనిస్తుంటాడు. ఆ గమనించడమే పోయింది.

డబ్బింగ్‌పిచ్చి:
మంచం సీన్ గురించి ఎవరూ మాట్లాడరేం? నా దృష్టిలో మొత్తం సినిమా ఆ నాలుగు నిమిషాలే.

జ్యోతిక బయటికి వెళ్ళడానికి తయారవుతుంది. ప్రభు ముందు సరే అంటాడు. తర్వాత రజనీ చెప్పి పెట్టినట్టు, వద్దు వెళ్ళొద్దు అంటాడు. ఆమె మొదట మామూలు పెళ్ళాంలాగే అడుగుతుంది, ఎందుకు వద్దు అని. ఆయన పంతం పట్టేకొద్దీ ఆమె గొంతు కొంచెం కొంచెం కిందకి దిగుతుంది. కళ్ళు పెద్దవవుతాయి. మెడ ఒక పక్కకి తిరుగుతుంది. మంచం ఎత్తడం అందరికీ గుర్తుంటుంది కానీ అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. ప్రభు గంగా అని అరవగానే ఆమె ఒక్కసారిగా మామూలైపోయి, ఏమైందండీ అన్నట్టు చూస్తుంది. తను చేసింది తనకే తెలీదు. అప్పుడు ప్రభు మొహం చూడండి. దెయ్యాన్ని చూసిన భయం కాదది. రోజూ పక్కన పడుకునే మనిషి తనకి తెలీదని అప్పుడే తెలుస్తుంది ఆయనకి.

ఈ సీన్‌లో గ్రాఫిక్ లేదు, పొగ లేదు, గాలికి ఎగిరే కర్టెన్ లేదు. ఇద్దరు నటులు, ఒక గది. చంద్రముఖి 2లో ఇలాంటి సీన్ ఒక్కటి చూపించండి, నేను ఈ చర్చలోంచి తప్పుకుంటాను.

లక్డీకాపూల్:
డబ్బింగ్‌పిచ్చి అన్న కరెక్ట్ పాయింట్ పట్టిండు. దానికి నాదొక మాట కలుపుతా.

మొదటి సినిమాలో గంగా, చంద్రముఖీ ఒకే మనిషి. ఫ్లాష్‌బ్యాక్ దర్బారులో నాట్యం చేసేది కూడా జ్యోతికనే, ఎందుకంటే అదంతా ఆమె ఊహ. రెండో భాగాలకి వచ్చేసరికి దెయ్యానికి వేరే స్టార్‌ని తెచ్చారు. నాగవల్లిలో అనుష్క. చంద్రముఖి 2లో కంగనా. పూనేది మాత్రం ఇంకో అమ్మాయికి, లక్ష్మీ మేనన్‌కి. ఇప్పుడు మనం ఎవరి కోసం భయపడాలె? లక్ష్మీ మేనన్ పాత్రకి ఏం జరుగుతదో అన్న బెంగ ఉండాల్సింది పోయి, కంగనా ఎప్పుడొస్తది అని చూస్తూ కూచుంటాం. పోస్టర్ మీద పెద్ద పేరు ఆమెది కదా. ఆమె వచ్చినంక అది రాజుల కథ అయిపోయింది, ఇంటి కథ కాదు.

జ్యోతికకి తమిళనాడు ప్రభుత్వ అవార్డు ఊరికే రాలేదు. రెండు పాత్రల మధ్య గీత ఎక్కడుందో మనకి కనపడకుండా చేసింది. ఆ గీతని ఇద్దరు నటుల మధ్య పంచితే ఇంకేం మిగుల్తది.

వైట్‌ఫీల్డ్_వాసు:
బెంగళూరు నుంచి ఒక మాట. ఇక్కడ కన్నడ వాళ్ళకి చంద్రముఖి అంటే పెద్ద పట్టింపు లేదు, వాళ్ళకి ఆప్తమిత్రే అసలు సినిమా. మనకి కూడా ఉండాలి నిజానికి, ఎందుకంటే ఆ గంగ మన సౌందర్య. 2004 ఏప్రిల్‌లో ఆవిడ పోయారు, సినిమా ఆగస్టులో వచ్చింది. నేను మొదటిసారి చూసినప్పుడు క్లైమాక్స్ నాట్యంలో భయం కంటే బాధే ఎక్కువైంది. జ్యోతికది కోపం. సౌందర్యది మాత్రం ఏదో దిగులు కలిసిన కోపం. పోల్చి చూడండి ఎప్పుడైనా.

ఆప్తరక్షక కూడా అంతే, విష్ణువర్ధన్ గారు 2009 డిసెంబర్ చివర్లో పోయాక ఫిబ్రవరిలో విడుదలైంది. కర్ణాటకలో విరగబడి చూశారు. అంటే సీక్వెల్ ఆడలేదు అనడానికి లేదు. ఆయన చివరి సినిమా అన్న అభిమానం అందులో ఎంతో, కథ ఎంతో వేరు చేసి చెప్పడం కష్టం.

బాల్కనీబాబ్జీ:
అందుకే ఆ కథకి శాపం ఉందంటారు. ముట్టుకున్న వాళ్ళకి...

మోడరేటర్:
బాబ్జీ గారూ, అది ఇక్కడ వద్దు. విమాన ప్రమాదాన్నీ, ఒకరి అనారోగ్యాన్నీ సినిమా ప్రచారానికి వాడుకున్న రాతలు ఇప్పటికే చాలా ఉన్నాయి. చర్చ సినిమాల మీదే ఉండనివ్వండి.

బాల్కనీబాబ్జీ:
సరేనండీ, వదిలేద్దాం. నా అసలు ప్రశ్న వేరే. చంద్రముఖిలో ఆ పాము ఎందుకు? అంత లావు పాము, ఎవరినీ కరవదు, ఎవరూ దాని గురించి మాట్లాడరు, చివర్లో దాని దారిన అది పోతుంది. ఇరవై ఏళ్ళుగా జనం మీమ్స్ వేస్తున్నారు. దెయ్యం లేదు, అంతా మానసికం అని చెప్పే సినిమాలో ఆ పాము ఎవరి మానసికం?

సెకండ్‌షో:
హహ. ఇది నాకూ ఉంది. కానీ సీరియస్‌గా చూస్తే బాబ్జీ గారు చెప్పింది ముఖ్యమైన సంగతే. మొదటి సినిమా కూడా పూర్తి నిజాయితీగా ఆడలేదు. పాము ఒకటి. ఒంటి చేత్తో మంచం ఇంకోటి. డాక్టర్ గారి వివరణలో ఇవి పట్టవు. తలుపు కొంచెం తీసి ఉంచారన్నమాట, ఒకవేళ దెయ్యం ఉందేమో అని మనం అనుకోవడానికి. సీక్వెల్ ఆ తలుపులోంచే దూరింది.

తెల్లకోటు:
నేను మానసిక వైద్య విభాగంలో నర్సుని. సినిమా విశ్లేషణ నాకు రాదు, నా వైపు నుంచి చెప్తాను.

చంద్రముఖిలో చూపించిన వైద్యం వైద్యం కాదు. రోగికి శత్రువు వేషం చూపించి, బొమ్మని తగలబెట్టించి, పగ తీరింది ఇంక నువ్వు మామూలు మనిషివి అని పంపడం ఏ ఆస్పత్రిలోనూ జరగదు. డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌కి (ఒకే మనిషిలో వేరే వేరే వ్యక్తులు ఉన్నట్టు ఉండే జబ్బు) ఏళ్ళ తరబడి కౌన్సెలింగ్ ఉంటుంది, చిన్నప్పటి గాయాల దాకా వెళ్ళాలి. మలయాళం సినిమాలో ఆ గాయం చక్కగా రాశారు. గంగ చిన్నప్పుడు తల్లిదండ్రులకి దూరంగా పల్లెలో నాయనమ్మ దగ్గర పెరుగుతుంది, కథలు వింటూ. పరీక్షల సమయంలో వాళ్ళు వచ్చి ఉన్నపళంగా తీసుకుపోతామంటే ఆ పిల్ల తట్టుకోలేదు. ఆ ఒక్క ముక్కతో రోగం ఎక్కడ మొదలైందో అర్థమైపోతుంది.

ఇన్ని తప్పులున్నా మొదటి సినిమా అంటే నాకు గౌరవం. ఎందుకంటే ఇంట్లో ఆడమనిషి వింతగా ప్రవర్తిస్తే అది జబ్బు కావచ్చు, డాక్టర్‌కి చూపించండి అని అంత పెద్ద హీరోతో చెప్పించింది. మా వార్డుకి వచ్చేవాళ్ళలో ఎంతమంది ముందు తాయెత్తులు, వేపమండలు అన్నీ అయ్యాక వస్తారో నాకు తెలుసు. చేతుల మీద వాతలు కూడా చూశాను. చంద్రముఖి 2 అదే పేరు పెట్టుకుని, కాదు, ఇది ఆత్మే అని చెప్తుంది. భయం వేయకపోవడం సంగతి తర్వాత, నాకు కోపం వచ్చింది.

న్యూజెర్సీపిన్ని:
తెల్లకోటు అమ్మా, బాగా చెప్పావు. ఆ మలయాళం సినిమాలోనే ఇంకో సంగతి ఉంది చూడు. తిలకన్ వేసిన మంత్రవేత్త నంబూద్రి వస్తున్నాడంటే అందరూ ఇంక డాక్టరుకీ ఆయనకీ గొడవే అనుకుంటారు. తీరా చూస్తే ఆయనకి డాక్టర్ ముందే తెలుసు, ఎంతో గౌరవం కూడా. ఇద్దరూ కలిసి పనిచేస్తారు. నమ్మకం ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ ఇద్దరినీ కించపరచకుండా నడిపించాడు రచయిత మధు ముట్టం. మన డబ్బింగ్ చంద్రముఖిలో అవినాశ్ వేసిన ఆచార్య పాత్ర అదే. తర్వాత తర్వాత ఆ తూకం మంత్రం వైపే వంగిపోయింది.

మా అబ్బాయితో కలిసి చూశాను 4కె ప్రింట్. 2024లో కేరళలో మళ్ళీ రిలీజ్ చేశారు కదా. ముప్పై ఏళ్ళు దాటిన సినిమాకి జనం మళ్ళీ థియేటర్లకి పోయారంటే చూడండి మరి.

డబ్బింగ్‌పిచ్చి:
తెలుగువాళ్ళం మనం కోల్పోయినది ఒకటుంది, దాని గురించి ఎవరూ రాయలేదు ఇప్పటిదాకా.

తమిళ చంద్రముఖిలో ఆ నర్తకి తెలుగు మనిషి. మన విజయనగరం నుంచి రాజు ఎత్తుకొస్తాడు. కాబట్టి అరవం మాట్లాడే గంగ నోట్లోంచి ఉన్నట్టుండి తెలుగు రావడమే అక్కడ భయం. ఆ నాట్యం పాట తమిళ వెర్షన్‌లో కూడా తెలుగులోనే ఉంది. చెన్నైలో చూసినవాడికి సగం అర్థమై సగం అర్థం కాక ఒళ్ళు జలదరిస్తుంది. మలయాళంలో ఆమె తంజావూరు నర్తకి, అక్కడ తమిళం అదే పని చేసింది.

డబ్బింగ్‌లో అందరూ తెలుగే మాట్లాడతారు. ఆ మార్పు మన చెవికి అందదు. అయినా మనకి భయం వేసిందంటే జ్యోతిక మొహం ఎంత పని చేసిందో ఆలోచించండి. నాగవల్లి నేరుగా తెలుగులో తీశారు. భాష మార్పు ఎలాగూ కుదరదు, దాని బదులు ఏదైనా కావాలి కదా? ఏమీ పెట్టలేదు. కాటుక మాత్రం పెంచారు.

లక్డీకాపూల్:
కాటుక పెంచారు 😂 స్క్రీన్‌షాట్ తీసుకున్న.

వెంకీమామ_ఫ్యాన్:
అందరూ ఒకే వైపు దూకుతున్నారు కాబట్టి అడుగుతున్నా. అసలు దెయ్యం ఉంటే సినిమా బాగోదు అనేది ఎక్కడి రూల్? అరుంధతి సంగతేంటి? కోడి రామకృష్ణ గారు మొదటి నుంచీ దెయ్యం ఉందనే చెప్పారు. సోనూసూద్ పశుపతి సమాధిలోంచి పిలుస్తుంటే మేం కుర్చీల్లో ముడుచుకుపోయాం. ఆ గద్వాల్ కోట కథ కోసం వాడిన బనగానపల్లె బంగళాని ఇప్పటికీ జనం అరుంధతి కోట అంటూ చూడ్డానికి పోతారు. అక్కడ డాక్టర్ లేడు, జబ్బూ లేదు. మరి భయం ఎలా వచ్చింది?

గోదారిగట్టు:
మంచి ప్రశ్న, ఇది నిజంగా ఆలోచించాల్సిందే.

అరుంధతి మొదటి రీల్లోనే తన మాట చెప్పేసింది. దెయ్యం ఉంది, దానికి ఇది కావాలి, దాన్ని చంపడానికి ఇదొక్కటే దారి. చివరి దాకా ఆ మాట తప్పలేదు. సీక్వెల్స్ చిక్కు వేరు. మొదటి సినిమా నీకు దెయ్యం లేదని ఒట్టేసి చెప్పింది, ఆ గంగ నయమై ఇంటికి పోయింది. ఇప్పుడు అదే బంగళాలో అదే చంద్రముఖి నిజంగానే ఉంది అంటే, మరి అప్పుడు గంగకి నయం చేసింది ఎవరు? బొమ్మని తగలబెట్టింది ఎందుకు? రెండో సినిమా నమ్మాలంటే మొదటి సినిమాని అబద్ధం అనుకోవాలి. ప్రేక్షకుడు దానికి ఒప్పుకోడు. మనసులో మొదటిదే ఉంచుకుని, రెండోదాన్ని బయటికి పంపేస్తాడు.

సెకండ్‌షో:
ఇదీ నేను వెతుకుతున్నది. థాంక్స్ అక్కా.

వైట్‌ఫీల్డ్_వాసు:
అయితే హిందీ వాళ్ళు ఎలా బయటపడ్డారు? ప్రియదర్శన్ 2007లో తీసిన భూల్ భులయ్యా కూడా మణిచిత్రతాళు రీమేకే, విద్యాబాలన్‌ది కూడా జబ్బే. 2022లో రెండోది వచ్చింది, అందులో అసలు దెయ్యమే ఉంది, పైగా పెద్ద హిట్. 2024లో మూడోది కూడా వచ్చింది. అక్క చెప్పిన లెక్క ప్రకారం అది పోవాలి కదా?

లక్డీకాపూల్:
వాసు బ్రో, దానికి జవాబు ఉంది. వాళ్ళు మంజులిక (హిందీలో చంద్రముఖి లాంటి నర్తకి) పేరు, ఆ పాట మాత్రం ఉంచుకున్నారు. ఊరు వేరు, ఇల్లు వేరు, కుటుంబం వేరు, హీరో డాక్టర్ కూడా కాదు, దెయ్యాలతో మాట్లాడతానని జనాన్ని నమ్మించే మోసగాడు. పాత కథని కదిలించనే లేదు. అందుకే మొదటిది అబద్ధం కాలేదు. పైగా టబూ. డబుల్ రోల్ ఎందుకు పెట్టారో చూడనివాళ్ళ కోసం చెప్పను. కానీ నిజం చెప్పాలంటే అది నవ్వుల సినిమా, భయం అక్కడక్కడ. మనోళ్ళు మాత్రం అదే బంగళా, అదే రాజు, అదే వడివేలు అని పట్టుకుని కూచున్నారు, మళ్ళీ కొత్త కథ కూడా కావాలన్నారు.

బాల్కనీబాబ్జీ:
వడివేలు పేరు ఎత్తారు కాబట్టి. మొదటి దాంట్లో ఆయనా రజనీ రాత్రిపూట బంగళాలో నడిచే సీన్ ఉంది చూశారా, నవ్వి నవ్వి చచ్చిపోతాం, కానీ నవ్వుతూనే ఆ చీకటి వైపు చూస్తుంటాం. ఆయన భయం నిజం. కాళ్ళు వణకడం దగ్గర్నుంచి. మన భయాన్ని ఆయన మోస్తాడు అక్కడ. 2లో ఆయన బంగళాకి ఓనరుగా ఉండి అద్దెకిస్తాడు, ఆ ఇంట్లో ఏం జరిగిందో అన్నీ తెలిసినవాడు. తెలిసినవాడు భయపడితే నవ్వు రాదు. అవే అరుపులు, అవే ఎక్స్‌ప్రెషన్లు.

మొదటి దాంట్లో పెళ్ళాం మీద అనుమానం పెట్టే కామెడీ మాత్రం ఇప్పుడు చూస్తే చిరాకే. అది ముందే ఒప్పేసుకుంటా.

తెల్లకోటు:
చంద్రముఖి 2లో ఒక్క ఆలోచన మాత్రం నాకు నచ్చింది, అది కూడా చెప్పాలి. అందరూ అనుకునే రాజు అసలు రాజే కాదు, అతని సేనాధిపతి ఆ పేరు పెట్టుకుని ఏలాడు అనేది. అంటే మనం ఇన్నాళ్ళూ విన్న కథ కూడా ఎవరో రాయించుకున్న కథే. దాన్ని పట్టుకుని ఉంటే సీక్వెల్‌కి ఒక పని దొరికేది. ఆ సంగతి ఎవరు దాచారు, ఎందుకు దాచారు అని ఎవరో ఒకరు వెతకాలి కదా. ఇక్కడ ఎవరూ వెతకరు, ఫ్లాష్‌బ్యాక్‌లో దానంతటదే చెప్పేస్తుంది. ఆ తర్వాత లారెన్స్‌లోకి ఒకరు, ఆ అమ్మాయిలోకి ఒకరు, కత్తులు తీసి యుద్ధం. రెండు దెయ్యాలు కొట్టుకుంటుంటే చూసేవాళ్ళకి ఎవరు గెలిస్తే ఏంటి?

వెంకీమామ_ఫ్యాన్:
సరే, చంద్రముఖి 2 సంగతి మీరన్నట్టే అనుకుందాం. నాగవల్లికి మాత్రం నేను పదికి ఆరు ఇస్తా, ఎవరేమన్నా సరే. రాజు ఫ్లాష్‌బ్యాక్ వరకూ ఏడు.

గోదారిగట్టు:
ఫ్లాష్‌బ్యాక్‌కి ఏడు ఇవ్వడం న్యాయమే తమ్ముడూ, వెంకటేశ్ గారికి ఆ క్రూరత్వం బాగా కుదిరింది. మిగతాదానికి నేను నాలుగు దాటను.

శ్రీకాకుళంపిల్ల:
ఈ దారం ఇప్పుడే చూశాను, మూడు పేజీలూ చదివేశాను. నేను వీటిలో చంద్రముఖి తప్ప ఏదీ చూడలేదు. ఈ శనివారం హాస్టల్లో అందరం కలిసి ఒకటి పెట్టుకుందాం అనుకుంటున్నాం. ఏది చూడమంటారు? పది మందిమి ఉంటాం, అందులో ఇద్దరు బాగా భయస్తులు.

న్యూజెర్సీపిన్ని:
మణిచిత్రతాళు పెట్టుకోండి అమ్మా, సబ్‌టైటిల్స్‌తో. మొదటి గంట మెల్లగా నడుస్తుంది, ఫోన్లు తీయకండి. మోహన్‌లాల్ వచ్చేదాకా ఓపిక పట్టండి, అప్పటికే సినిమాలో చాలాసేపు గడిచిపోతుంది, అది చూసి ఇదేంటి హీరో ఎక్కడ అనుకోకండి.

డబ్బింగ్‌పిచ్చి:
నేనూ అదే అంటా. చంద్రముఖి చూసేశావు కాబట్టి రోగం ఎవరికో నీకు తెలుసు, అయినా పరవాలేదు. గంగగా చేసిన శోభన మొహం మొదటి సీన్ నుంచీ చూస్తూ ఉండు. అన్నీ ముందే చెప్పేసి ఉంటుంది. ఆ ఇద్దరు భయస్తులని మధ్యలో కూర్చోబెట్టండి.